కింగ్స్‌విల్ ఊరు ఎలా పుట్టింది? రాంచ్, రైలు, అక్కడి జనం

రైలుకట్ట:

మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే ఊళ్లలో దక్షిణ టెక్సస్‌లోని కింగ్స్‌విల్ ఒకటి. జనాభా పాతిక వేలకు కాస్త పైన. వెళ్లినవాళ్లను అడిగితే "ఎండ, గాలి, చుట్టూ ఏమీ లేదు" అంటారు. ఆ ఏమీ లేదన్న చోట ఏం జరిగిందో వివరంగా రాసుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మామూలుగా ఊరు ముందు ఉంటుంది, రైలు తర్వాత వస్తుంది. ఇక్కడ రెండూ ఒకే రోజు వచ్చాయి. 1904 జూలై 4న మొదటి రైలు వచ్చింది, అదే ఊరు పుట్టినరోజు. అంతకుముందు అక్కడ ఉన్నది పశువులు మేసే బీడు మాత్రమే. ఆ బీడు కింగ్ రాంచ్‌ది, అంటే రిచర్డ్ కింగ్ పెట్టిన పశువుల ఎస్టేట్‌ది.

రిచర్డ్ కింగ్ 1824లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదవాళ్లు. చిన్నప్పుడు నగల దుకాణంలో పనికి పెడితే అక్కణ్ణుంచి పారిపోయి, టికెట్ లేకుండా ఓడెక్కి అలబామా చేరాడు. ఆవిరి పడవల మీద పని నేర్చుకున్నాడు. మెక్సికోతో యుద్ధం జరుగుతున్నప్పుడు, 1847లో, రియో గ్రాండే నది మీదికి వచ్చాడు. మిఫ్లిన్ కెనెడీ అనే స్నేహితుడితో కలిసి ఆ నదిలో పడవల వ్యాపారం చేసి డబ్బు కూడబెట్టాడు. 1853లో సాంతా గెర్త్రూదిస్ వాగు పక్కన 15,500 ఎకరాలు కొన్నాడు. వెల 300 డాలర్లు. ఎకరానికి రెండు సెంట్లు కూడా పడలేదు. మరుసటి ఏడాది పక్కనే ఇంకో 53,000 ఎకరాలు 1,800 డాలర్లకు కొన్నాడు. ఈ రోజు రాంచ్ విస్తీర్ణం 8 లక్షల 25 వేల ఎకరాలు. రోడ్ ఐలండ్ రాష్ట్రం అంతకన్నా చిన్నది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఊరి పేరులో కింగ్ ఉన్నాడు గానీ ఆ ఊరిని కట్టింది ఆయన కాదు. ఆయన 1885లో పోయాడు. ఊరు పుట్టింది పందొమ్మిదేళ్ల తర్వాత. దాన్ని ఎవరు కట్టారన్నదే నాకు ముఖ్యం. తెలిసినవాళ్లు రాయండి.

పెద్దబాలశిక్ష:

మంచి విషయం ఎత్తుకున్నావు బాబూ. కానీ ఎకరం రెండు సెంట్లకు ఎవరు అమ్ముతారు? ఎందుకు అమ్ముతారు? అది కూడా రాయాలి. ఆ భూములు అంతకుముందు స్పెయిన్, మెక్సికో ప్రభుత్వాలు అక్కడి కుటుంబాలకు పట్టాలిచ్చినవి. 1848లో యుద్ధం అయిపోయి సరిహద్దు రియో గ్రాండేకి జరిగింది. పట్టాదారులు రాత్రికి రాత్రి వేరే దేశంలో, వేరే కోర్టుల కింద, తెలియని భాషలో తేలారు. దోపిడీ గుంపులు, కరువు. నదికి అవతల ఉండిపోయిన వారసులు చేతికొచ్చింది తీసుకుని అమ్ముకున్నారు. కింగ్ తన కొనుగోళ్లకు లాయర్ల చేత కాగితాలు పక్కాగా రాయించుకున్న మాట నిజమే. అయినా ఆ ధర మామూలు రోజుల ధర కాదు.

రైలుకట్ట:

సరిగ్గా చెప్పారు. మొదటి కొనుగోలు హువాన్ మెందియోలా వారసుల దగ్గర. 300 డాలర్లు అనగానే బేరం గొప్పగా కుదిరిందని కథలా చెప్పుకుంటారు. అమ్మినవాళ్ల వైపు నుంచి చూస్తే వేరే కథ.

మాధవి_కార్పస్:

ఊరిని ఎవరు కట్టారు అన్నారు కదా, నా సమాధానం హెన్రియెట్టా. మేం కార్పస్ క్రిస్టీలో ఉంటాం, నలభై మైళ్ల దూరం. చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్లను కింగ్స్‌విల్ తీసుకెళ్తుంటాను కాబట్టి ఈమె గురించి కాస్త చదివాను.

హెన్రియెట్టా చేంబర్లిన్ ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరు కూతురు. 1854 డిసెంబరులో కింగ్‌ని పెళ్లి చేసుకుని మట్టి గోడల గుడిసెలో కాపురం పెట్టింది. మొగుడు తాగుతాడు, ఈమె మద్యం వాసనే పడనిది. అంతర్యుద్ధంలో కింగ్ దక్షిణాది పత్తిని మెక్సికో మీదుగా బయటికి దాటించి బాగా సంపాదించాడు. అందుకని 1863 డిసెంబరులో ఉత్తరాది సైన్యం రాంచ్ మీద పడింది. ముందే కబురు అంది కింగ్ తప్పించుకున్నాడు. నిండు గర్భిణి అయిన హెన్రియెట్టా ఇంట్లోనే ఉంది. ఇంటిని కాపాడమని కింగ్ వదిలివెళ్లిన ఫ్రాన్సిస్కో అల్వరాదో, లోపల ఆడవాళ్లు పిల్లలు ఉన్నారు, కాల్చొద్దని అరుస్తూ బయటికి వచ్చి సైనికుల తూటాకు చనిపోయాడు. ఈ పేరు ఊళ్లో అందరికీ తెలియాలని నా కోరిక.

కింగ్ శాన్ ఆంటోనియోలో కడుపు క్యాన్సర్‌తో చనిపోయేనాటికి భార్యకు మిగిల్చింది లక్షల ఎకరాలతో పాటు 5 లక్షల డాలర్ల అప్పు. ఆ కాలంలో అదెంత డబ్బో ఆలోచించండి. ఆ తర్వాత ఏళ్ల తరబడి వానల్లేవు. ఆమె భూమి అమ్మలేదు. అల్లుడు రాబర్ట్ క్లెబర్గ్, లాయరు, అతణ్ణి మేనేజరుగా పెట్టుకుని నలభై ఏళ్లు నల్లబట్టల్లోనే ఎస్టేట్ నడిపింది. 1925లో చనిపోయేనాటికి భూమి పది లక్షల ఎకరాలు దాటింది.

గుంతకల్లు_రవి:

అక్కా, అల్లుడిని మేనేజరుగా పెట్టుకున్నది బాగానే ఉంది. రైలు సంగతి నాకు కావాలి. మాది మూడు తరాల రైల్వే కుటుంబం. లోకో షెడ్డు, క్వార్టర్లు, జంక్షన్, వాటి చుట్టూ ఊరు ఎలా పెరుగుతుందో చూస్తూ పెరిగినవాణ్ణి. ఎవరూ లేని బీడులోకి రైలు ఎందుకు వేస్తారు? గూడ్స్ ఏది? ప్రయాణికులేరి? ఎవరో గట్టిగా పట్టుబట్టి ఉండాలి.

రైలుకట్ట:

రవీ, అసలు పాయింటు అదే. దీనికి కొంచెం పెద్దగా రాయాలి.

మొదట్లో రాంచ్ సరుకు కాళ్ల మీద నడిచి వెళ్లేది. అంతర్యుద్ధం తర్వాత వేల లాంగ్‌హార్న్ పశువులను మందలుగా కట్టి ఉత్తరాన కాన్సస్‌లో రైలు పట్టాలున్న చోటికి తోలేవారు. నెలల ప్రయాణం. అది 1880లలో ఆగిపోయింది. ముళ్లకంచెలు వచ్చాయి. పైగా టెక్సస్ పశువులు ఎక్కడికి వెళ్తే అక్కడి పశువులు జ్వరంతో చచ్చేవి. 1885లో కాన్సస్ తలుపులు మూసేసింది. ఆ జ్వరం పిడుదుల వల్ల వస్తుందని స్మిత్, కిల్‌బోర్న్ అనే శాస్త్రవేత్తలు 1893లో తేల్చారు. పిడుదులను చంపడానికి మందు నీళ్ల తొట్టి కట్టి పశువులను అందులోంచి ఈదించడం దేశంలో మొట్టమొదట చేసినవాళ్లలో క్లెబర్గ్ ఉన్నాడు.

ఇక రైలు. కింగ్, కెనెడీ, రైలు లైన్లు వేయించే యూరియా లాట్ కలిసి 1870లలోనే కార్పస్ క్రిస్టీ నుంచి పడమరకు న్యారో గేజ్ లైను మొదలుపెట్టారు. 1881కి అది లరేడో చేరింది. రాంచ్ పశువులను ఎక్కించే స్టేషన్ పాతిక మైళ్లకు పైగా దూరంలో ఉన్న ఆలిస్. ఆ ఊరికి కింగ్ కూతురు, అంటే క్లెబర్గ్ భార్య ఆలిస్ పేరే పెట్టారు. అది ఆ కాలంలో పశువుల ఎగుమతికి పెద్ద కేంద్రం. కానీ దక్షిణాన బ్రౌన్స్‌విల్ దాకా మొత్తం ఇసుక, బీడు. లైను లేదు.

లైను వేయాలంటే జనం కావాలి. జనం రావాలంటే నీళ్లు కావాలి. మొత్తం చిక్కుముడి ఇక్కడుంది. 1890లలో కరువు ఎంత ఘోరమంటే ముళ్లు కాల్చేసిన బ్రహ్మజెముడును పశువులకు మేతగా పెట్టారు. క్లెబర్గ్ లోతుకు తవ్వే కొత్త డ్రిల్లింగ్ యంత్రం తెప్పించాడు. 1899లో 500 అడుగులు దాటాక నీళ్లు తగిలాయి. మోటారు లేదు, గాలిమర లేదు, భూమి లోపలి ఒత్తిడికి దానంతటదే ఉబికి వచ్చింది. రాయలసీమలో బోర్లు వేసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. క్లెబర్గ్ అక్కడే నిలబడి ఏడ్చేశాడంటారు.

నీళ్లు పడ్డాక ఆ భూమి విలువ మారిపోయింది. మేత బీడుగా ఉన్నది సేద్యపు భూమి కాగలదు. కొనేవాళ్లు రావాలంటే రైలు ఉండాలి. 1903లో సెయింట్ లూయిస్, బ్రౌన్స్‌విల్ అండ్ మెక్సికో రైల్వే కంపెనీ పెట్టారు. ముందుకు నడిపించినవాడు మళ్లీ లాట్. క్లెబర్గ్ కూడా అందులో ఉన్నాడు. వెనక పెద్ద రైల్వే వ్యాపారి బెంజమిన్ యోకం. దారిలోని రాంచర్లు భూములు ఉచితంగా ఇచ్చారు. రాబ్స్‌టౌన్ నుంచి బ్రౌన్స్‌విల్ దాకా 141 మైళ్లు ఏడాదిలోపు పరిచేశారు. సమతల నేల, పెద్ద నదులు లేవు, కొండలు లేవు.

రవి అడిగిన ప్రశ్నకు జవాబు: రైలుకు గూడ్స్ లేకపోతే గూడ్స్ పుట్టించడానికే ఊళ్లు పెట్టారు. హెన్రియెట్టా ఊరి కోసం వేల ఎకరాలు విడదీసి ఇచ్చింది. క్లెబర్గ్ టౌన్ అండ్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పెట్టి ప్లాట్లు వేశారు. ప్లాటు దస్తావేజులో మద్యం అమ్మకూడదని షరతు. పాస్టరు కూతురు ముద్ర ఊరి నిండా ఉంది.

గుంతకల్లు_రవి:

ఇప్పుడు అర్థమైంది. రియల్ ఎస్టేట్ వెంచర్ ముందు, రైలు దాని కోసం. మరి వర్క్‌షాప్?

రైలుకట్ట:

ఊళ్లో నెలజీతం ఉద్యోగాలు మొదట తెచ్చింది అదే తమ్ముడూ. కంపెనీ ప్రధాన కార్యాలయం, ఇంజన్ల షెడ్డు, మరమ్మతు షాపులు అన్నీ కింగ్స్‌విల్‌లోనే పెట్టారు. ఐస్ ఫ్యాక్టరీ, కలప అడితి, పత్రిక రాంచ్ వాళ్లవే. 1911లో మునిసిపాలిటీ అయింది. 1913లో విడిగా కౌంటీ (మన జిల్లా లాంటిది) చేసి క్లెబర్గ్ తండ్రి పేరు పెట్టారు. 1925లో లైను మిస్సోరీ పసిఫిక్ చేతికి, 1980లలో యూనియన్ పసిఫిక్ చేతికి వెళ్లింది. ఇప్పుడు గూడ్స్ బండ్లు తప్ప ప్రయాణికుల రైలు లేదు. 1904 నాటి డిపో మ్యూజియంగా ఉంది.

ఫాల్‌బ్యాచ్:

అన్నా, ఆ డిపో ముందునుంచి ఎన్నోసార్లు వెళ్లాను, ఆగలేదు. నేను ఇక్కడి యూనివర్సిటీ టీఏఎంయూకేలో (టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ, కింగ్స్‌విల్) చదువుతున్నా. యూనివర్సిటీ కూడా వాళ్లే పెట్టారా? ఇంకొకటి, ఇక్కడ ఎటు చూసినా మన సర్కారు తుమ్మ లాంటి చెట్లే. మా పల్నాడులో చెరువు గట్టు మీద నిలబడ్డట్టు ఉంటుంది.

మాధవి_కార్పస్:

అది మెస్కీట్ తమ్ముడూ. సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, రెండూ ప్రోసోపిస్ జాతివి. మన సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే.

యూనివర్సిటీ రాంచ్ వాళ్లది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. 1925లో టీచర్ల కాలేజీగా తెరిచారు. 1929లో టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఇండస్ట్రీస్ అయింది. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ అండ్ ఐ అంటారు. ఇప్పటి పేరు 1993లో వచ్చింది. మీ క్యాంపస్‌లోనే ఆ క్లెబర్గ్ కుటుంబంవాడే అయిన సీజర్ క్లెబర్గ్ పేరుతో వన్యప్రాణి పరిశోధన సంస్థ ఉంది చూడు.

ఒంగోలుగిత్త:

ఈ చర్చలోకి నేను రాకుండా ఎలా ఉంటాను. పశువైద్యుణ్ణి, ప్రకాశం జిల్లా.

కింగ్ రాంచ్ పశువుల్లో మన దేశపు రక్తం ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన షార్ట్‌హార్న్ జాతి మాంసం బాగా పట్టేదే గానీ దక్షిణ టెక్సస్ ఎండకు, పిడుదులకు తట్టుకోలేకపోయింది. అదే సమయంలో ఆ రాష్ట్రంలోనే పియర్స్ రాంచ్ వాళ్లు 1906లో భారతదేశం నుంచి మూపురం ఉన్న పశువులను ఓడలో తెప్పించారు. వాటి సంతతి బ్రాహ్మణ్ గిత్తలను కింగ్ రాంచ్ కొని షార్ట్‌హార్న్ ఆవులతో దాటించింది. 1920లో పుట్టిన మంకీ అనే ఎర్ర కోడెదూడ మూలపురుషుడు. వాడి సంతతే సాంతా గెర్త్రూదిస్ జాతి. ఎనిమిదింట మూడు వంతులు బ్రాహ్మణ్, అయిదు వంతులు షార్ట్‌హార్న్. 1940లో అమెరికా ప్రభుత్వం ప్రత్యేక జాతిగా గుర్తించింది. అమెరికాలో తయారైన మొదటి మాంసపు జాతి ఇదే.

అంతా ఒంగోలు రక్తమే అని మనవాళ్లు వాట్సాప్‌లో తిప్పుతుంటారు, అలా అనకూడదు. అమెరికా బ్రాహ్మణ్ జాతిలో ఎక్కువ వాటా గుజరాత్ పశువులది. గిర్, కృష్ణా లోయ జాతులతో పాటు మన ఒంగోలు కూడా కలిసింది. మన జాతి నేరుగా, భారీగా పెరిగింది బ్రెజిల్‌లో. అక్కడ దాన్ని నెలోర్ అంటారు.

ఎండలో మేత మేస్తూ నిలబడగలగడం, మెడ కింద వేలాడే గంగడోలు, వదులైన చర్మం, చిన్న వెంట్రుక, ఒళ్లు జలదరించి ఈగలను తోలుకోవడం, ఇవన్నీ మన వైపు నుంచి వెళ్లిన గుణాలు. సాంతా గెర్త్రూదిస్ ఎద్దు ఫొటో చూడండి, ముదురు ఎరుపు రంగు కింద గంగడోలు కనిపిస్తుంది.

పెద్దబాలశిక్ష:

డాక్టరు గారు పశువుల వంశం చెప్పారు. మరి ఆ పశువులను కాసిన మనుషుల వంశం? ఇప్పటిదాకా ఈ చర్చలో కింగ్, క్లెబర్గ్, లాట్, మంకీ. అల్వరాదో ఒక్కడే వాళ్లకు చెందినవాడు.

రైలుకట్ట:

అక్కడికే వస్తున్నాను. 1854లో మెక్సికోలోని తమౌలీపస్ రాష్ట్రంలో క్రుయాస్ అనే ఊరు కరువుతో ఎండిపోయింది. కింగ్ వెళ్లి వాళ్ల పశువులన్నీ కొనేశాడు. వెనక్కి బయల్దేరాక ఆలోచన వచ్చింది: పశువులు పోయాక ఈ ఊరివాళ్లు ఏం తిని బతుకుతారు? తనకేమో పశువుల పని తెలిసినవాళ్లు కావాలి. తిరిగి వెళ్లి, నాతో వస్తే తిండి, ఇల్లు, కూలి ఇస్తాను అన్నాడు. ఊరు ఊరంతా, వంద మందికి పైగా ఆడా మగా పిల్లాజెల్లా, బండ్లు కట్టుకుని కదిలారు. వాళ్లే కినేన్యోలు, అంటే కింగ్ మనుషులు. తాళ్లు విసరడం, గుర్రాన్ని లొంగదీయడం, వాతలు వేయడం, పశువు రోగం కనిపెట్టడం అంతా వాళ్ల విద్య. కింగ్ అప్పటికి పడవలు నడిపినవాడు, పశువుల పని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. అయిదారు తరాల పాటు అవే కుటుంబాలు రాంచ్‌లో పనిచేశాయి.

హెన్రియెట్టా చనిపోయినప్పుడు దాదాపు రెండు వందల మంది వాకేరోలు, అంటే గుర్రాల మీద పశువులను కాసేవాళ్లు, పని బట్టల్లోనే గుర్రాల మీద వచ్చారు. సమాధి గొయ్యి చుట్టూ ఒక్కొక్కరే గుర్రాన్ని తిప్పి, టోపీ తీసి పక్కకు దించి నమస్కరించి వెళ్లారు. రాంచ్ చెప్పుకునే కథల్లో ఇది పెద్ద పీట. నిజంగా జరిగిందే. అభిమానం కూడా నిజమే అయి ఉంటుంది.

మాధవి_కార్పస్:

అభిమానం ఒక్కటే చెప్తే సగం చెప్పినట్టు. రైలు వచ్చాక ఉత్తరాది రైతులు దిగారు, భూమి ధర పెరిగింది, పన్నులు పెరిగాయి, పాత తెహానో (మెక్సికన్ మూలాల టెక్సస్) కుటుంబాలు ఇంకా భూమి పోగొట్టుకున్నాయి. 1915లో సరిహద్దు మండిపోయింది. ఆగస్టు 8న అరవై మంది దాకా గుర్రాల మీద వచ్చి కింగ్ రాంచ్‌లోని నోరియాస్ స్టేషన్ మీద దాడి చేశారు. దాని తర్వాత టెక్సస్ రేంజర్లు (రాష్ట్ర సాయుధ పోలీసు దళం), మూకలు కలిసి వందల మంది మెక్సికన్ మూలాల జనాన్ని, నేరం లేనివాళ్లను కూడా, చంపారు. నోరియాస్‌లో శవాలకు తాడు కట్టి గుర్రాల మీద నిలబడి తీయించుకున్న ఫొటోలు పోస్టుకార్డులుగా అమ్ముడయ్యాయి. 1919లో హోసే కనాలెస్ అనే శాసనసభ్యుడు రేంజర్ల మీద విచారణ పెట్టించాడు. ఇదీ ఆ రైలు కట్ట పక్కనే జరిగింది.

ఊళ్లో బడులు కూడా వేరు. లౌరో కవాసోస్ అనే ఆయన రాంచ్ ఫోర్‌మన్. తన పిల్లలు రాంచ్ బడిలో కాదు, ఊళ్లో తెల్లవాళ్ల పిల్లలు చదివే బడిలో చదవాలని 1930లలో పట్టుబట్టి చేర్పించాడు. ఒక కొడుకు, ఆయన పేరూ లౌరోనే, 1988లో అమెరికా విద్యాశాఖ కార్యదర్శి అయ్యాడు. హిస్పానిక్ మూలాల నుంచి కేబినెట్‌లోకి వచ్చిన మొదటి మనిషి. ఇంకో కొడుకు రిచర్డ్, సైన్యంలో నాలుగు నక్షత్రాల జనరల్ అయిన మొదటి హిస్పానిక్. రాంచ్ పనివాళ్ల ఇంట్లోంచి వచ్చారు ఇద్దరూ.

ఫాల్‌బ్యాచ్:

అక్కా, మా ఫార్మసీ కాలేజీకి ఇర్మా రాంగెల్ పేరుంది. ఆవిడ కూడా ఇక్కడివారేనా?

మాధవి_కార్పస్:

ఈ ఊళ్లోనే పుట్టింది, 1931. తల్లిదండ్రులు పొలాల్లో కూలి చేసి పైకొచ్చినవాళ్లు. ఆవిడ టీచరై, తర్వాత లా చదివి, 1976లో టెక్సస్ శాసనసభకు ఎన్నికైన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ అయింది. ఆ ఫార్మసీ కాలేజీ ఇక్కడికి రావాలని పోరాడింది ఆవిడే.

గుంతకల్లు_రవి:

ఊరిని ఎవరు కట్టారన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది. రాంచ్ పెట్టుబడి, రైల్వే షాపుల జీతం, కినేన్యోల పని. నా ఓటు మాత్రం పనికే. షెడ్డులో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి ముఖం చూస్తూ పెరిగినవాణ్ణి, ప్లాట్లు వేసినవాళ్లు ఊరు కట్టారంటే ఒప్పుకోలేను.

రైలుకట్ట:

నేను హెన్రియెట్టాను పక్కన పెట్టలేను రవీ. భూమి మొత్తం పట్టుకుని కూర్చోవచ్చు, అయినా విడదీసింది. బడికి, రకరకాల చర్చిలకు స్థలాలిచ్చింది. లాభం లేకుండా కాదు, చుట్టుపక్కల భూమి ధర పెరిగింది. కానీ అదే కాలంలో పక్కన ఎంతోమంది పెద్ద భూస్వాములు ఆ పని చేయలేదు. 1933లో హంబుల్ ఆయిల్ కంపెనీకి చమురు లీజు ఇచ్చేనాటికి కూడా రాంచ్ అప్పుల్లో ఉంది, ఆ సంగతీ మర్చిపోవద్దు.

ఒంగోలుగిత్త:

పిడుదుల కథ ఇంకా అయిపోలేదని చెప్పాలి. 1906లో అమెరికా ప్రభుత్వం దేశమంతా పిడుదుల నిర్మూలన మొదలుపెట్టింది. 1943కల్లా రియో గ్రాండే పొడవునా ఒక సన్నని పట్టీ తప్ప దేశం మొత్తం శుభ్రం చేశారు. ఇప్పుడు మళ్లీ తలనొప్పి వచ్చింది, కారణం మన మనుబోతు! ఉత్తరాదివాళ్లు నీల్‌గాయి అంటారే, అదే. సీజర్ క్లెబర్గ్ కాలంలో, 1920, 30లలో, జంతుప్రదర్శనశాల నుంచి తెచ్చి నోరియాస్ వైపు వదిలారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. కంచె కిందనుంచి దూరిపోతాయి, చాలా దూరం తిరుగుతాయి, పిడుదులను మోసుకుపోతాయి. పశువునైతే పట్టి మందు తొట్టిలో ముంచొచ్చు. మనుబోతును ఎవరు పట్టగలరు? కంచె సందుల్లో అవి దూరే చోట మందు చిమ్మే పరికరాలు పెట్టి ప్రయత్నిస్తున్నారు.

ఫాల్‌బ్యాచ్:

హైవే పక్కన రాత్రిపూట చూశాం డాక్టర్ గారూ, గుర్రం అనుకున్నాం! ఈ శనివారం రూమ్‌మేట్స్‌తో వెళ్లి అన్నీ చూద్దామనుకుంటున్నా. కారు ఒకటే ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రైలుకట్ట:

డిపోతో మొదలుపెట్టు. తెరిచే వేళలు ముందు ఫోన్ చేసి కనుక్కో. అక్కణ్ణుంచి నడిచే దూరంలో క్లెబర్గ్ అవెన్యూలో పాత రాగ్లండ్ స్టోర్ భవనం ఉంది, 1909 నాటిది. ఇప్పుడు అందులో రాంచ్ వాళ్ల జీను దుకాణం. జీనుల మీద మెలికలు తిరిగిన డబ్ల్యూ ముద్ర కనిపిస్తుంది. 1869లో రిజిస్టరు చేసిన పశువుల వాత గుర్తు అది. తర్వాత చేంబర్లిన్ శ్మశానం, హెన్రియెట్టా సమాధి అక్కడే. క్యాంపస్‌లో కానర్ మ్యూజియం ఉంది, చూడకపోతే అదీ చూసేయండి.

సాయంత్రం టైముంటే 77వ నంబరు హైవే మీద దక్షిణానికి వెళ్లండి. పట్టాలు పక్కనే వస్తాయి. సరీటా వస్తుంది, కెనెడీ మనవరాలి పేరు. తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్, అదీ రాంచ్ కుటుంబం పేరే. ఆపైన నోరియాస్. పెట్రోలు కింగ్స్‌విల్‌లోనే కొట్టించుకోండి, సరీటా దాటితే రేమండ్‌విల్ దాకా బంకులు దొరకడం కష్టం.